మూడో మెట్టు

గ్యాసు బండ మోసుకొచ్చిన పిల్లోడు
మూడో మెట్టు మీద జారిపడ్డాక
ఇంక ఆగకూడదనుకున్నాను.
మోచెయ్యి నేనే కడిగి కట్టు కట్టాను,
ఇరవై రెండేళ్ళు పెద్దాసుపత్రిలో చేసిన పనే.
"మెట్టుది తప్పు గాదులే మేడమ్,
నా చెప్పులు అరిగిపోయినాయి" అన్నాడు.
చూశాను. రెండూ అరిగినాయి.

ఈ ఇల్లు నాకు పుట్టుకతో వచ్చింది కాదు.
పీఎఫ్ డబ్బులూ ఒక గొలుసూ పోసి
కర్నూలు పాతబస్తీలో, హంద్రీకి రెండు వీధుల ఇవతల
కొనుక్కున్నది.
కాగితాల్లో కొలతలు రాశారు, హద్దులు రాశారు,
తూర్పున ఫలానా, పడమట ఫలానా.
ఎవరి కాళ్ళకు ఈ రాళ్ళు ఇంత పల్లమయ్యాయో
ఏ దస్తావేజులోనూ లేదు.

గేటు నుంచి పదకొండు బండలు, ఆపైన మూడు మెట్లు.
వానొస్తే ఒక్కోదాంట్లో గరిటెడు నీళ్ళు.
పక్కింటి కోళ్ళు తాగిపోయేవి.

మేస్త్రీ మద్దిలేటి గునపం దించకముందు
ఒక్కో రాయినీ వేలి కణుపుతో కొట్టి విన్నాడు,
కలింగరి కాయ బేరమాడేవాడిలా.
"బేతంచెర్ల రాల్లు మా, ఇంకా పానముంది.
కొత్తవి దండగ. తిరగేస్తాం.
కిందివైపు ఎవురు తొక్కింటారు?"

నచ్చింది నాకు.
డబ్బు మిగులుతుందని కొంత,
వాడని ముఖం ఒకటి ఇన్నేళ్ళూ
చీకట్లో దాచుకుందే రాయి, అని కొంత.

పదకొండూ తిరిగాయి.
ఉలిదెబ్బలు నిన్న కొట్టినట్టున్నాయి.
కింద వరదనాటి ఒండ్రు, ఒక గోలీ,
పంటిగాటున్న బలపం ముక్క.

మూడో మెట్టుకు ఇద్దరు చాల్లేదు.
టీ తెచ్చిన పిల్లోణ్ణీ పిలిచారు.
ఐలెస్సా అన్నారు.
తిరిగింది.
ఎవరూ మాట్లాడలేదు.

కిందా పల్లమే.
నడిమధ్య అద్దంలా నునుపు,
కుడి అంచున కొడవలి నూరిన గాడి.
మాకంటే ముందే ఎవరో ఒక మేస్త్రీ
ఎవరో ఒక ఇంటామెతో
"కిందివైపు ఎవురు తొక్కింటారు" అనే ఉంటాడు.

గోడ మీదుగా హలీమా బీ తొంగిచూసింది.
"నేను కాపురానికి వచ్చినప్పుడే ఆ మెట్టు పల్లంగ ఉండె."
ఏ వైపు, అన్నాను.
"మెట్టుకు వైపు చూస్తారా ఎవురన్నా?
కాలు పెట్టి పోతారు గానీ."

మద్దిలేటి బీడీ ముట్టించాడు.
"దీనికింక ముఖం లేదు మా."

వార్డులో ఒకసారి నేనూ అట్లే అన్నాను,
నరం దొరకని ముసలాయన మంచం పక్కన సూది పట్టుకుని:
రెండు చేతులూ అయిపోయినాయి తాతా,
ఇంక యాడ గుచ్చేది?
ఆయన దుప్పటి తీసి
కాలు చాపాడు.

"నిలబెట్టు" అన్నాను మద్దిలేటితో.
"ఏంది?"
"పండబెట్టొద్దు. మెట్ల పక్కన నిలువుగా పాతు.
చెయ్యానించుకుని ఎక్కుతారు."
రాయి చుట్టూ ఒక తిరుగు తిరిగొచ్చి
రెండొందలు ఎక్కువవుతుందన్నాడు.
నూటయాభైకి ఒప్పుకున్నాడు.

కొత్త మెట్టు ఆటోలో వచ్చింది, తొమ్మిదొందలు, కిరాయి కాక.

నెల తిరిగి గ్యాసు వచ్చింది. పిల్లోడు వేరేవాడు.
భుజాన బండ, ఎడమచెయ్యి ఖాళీ.
ఎవరూ చెప్పకుండానే ఆ చెయ్యి పోయి
నిలబడ్డ రాతి పల్లంలో ఒదిగింది,
ఎన్నో కాళ్ళు తవ్విన చోట.
ఎక్కాడు. రసీదు ఇచ్చాడు. దిగాడు.

కొత్త మెట్టుకు గరుకు వైపు పైకి పెట్టాడు మద్దిలేటి,
జారకుండా.
కిందివైపు ఎట్లుందో
నేను చూడలేదు.